ఆకేరు ఒడ్డున లేచిన చెయ్యి

మేము తొర్రూరు చేరేసరికి ఉదయం ఏడు. వాన ఆగి ఆగి కురుస్తోంది. సికింద్రాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం. ముందు కెప్టెన్ జోంగా జీపు, తర్వాత బియ్యం, దుప్పట్లు వేసిన లారీలు, అన్నిటికన్నా వెనక నా రికవరీ లారీ. పత్తి నిల్వ చేసే ఒక రేకుల షెడ్డులో మాకు బస ఇచ్చారు. నేలంతా పత్తి గింజలు. బూట్ల కింద చిటచిటలాడేవి.

మా వీధి కుర్రాళ్ళు నన్ను అడిగేది ఒక్కటే. ఎంతమంది శత్రువులను కాల్చావు తాతా అని. ఒక్కడినీ కాల్చలేదు. బురదలో, ఇసుకలో, మంచులో దిగబడ్డ మిలిటరీ బండ్లను బయటికి లాగడం నా పని. సర్వీసు మొత్తంలో నాకు దొరికిన శత్రువు ఒక్కడే. వాడు కూడా మా యూనిఫామే వేసుకున్నాడు.

అది ఎనభైల్లో ఒక వానాకాలం. వరంగల్ జిల్లాలో చెరువులు తెగాయి, వాగులు పొంగాయి, ఊళ్ళకు దారులు పోయాయి. సహాయానికి మమ్మల్ని పంపారు. నేను అప్పుడు హవల్దారును, రికవరీ సెక్షన్‌కు పెద్దను. నాది ఖిలా వరంగల్ పక్కన నేతపని వాళ్ళ ఇల్లు. మా నాన్నకు నూలు కొట్టువాడు ఒకసారి తడిసిన నూలు అంటగట్టాడు. ఆయన చచ్చేదాకా ఆ కొట్టు ముందు నుంచి నడవలేదు, రెండు వీధులు చుట్టి పోయేవాడు. మా ఇంట్లో మగ్గంతో పాటు పగ కూడా తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. నాకు మగ్గం రాలేదు.

నా సెక్షన్‌లో తెలుగువాడు ఇంకొకడే. రోప్‌మ్యాన్. అంటే ఉక్కు తాడు వేసేవాడు, చూసుకునేవాడు. వాడిది మరిపెడ దగ్గరి పల్లె. డ్యూటీలో నన్ను ఉస్తాద్ అనేవాడు, అన్నం దగ్గర అన్నా అనేవాడు. సొంత జిల్లాకు డ్యూటీ పడిందని లారీలో దారంతా పాడుతూనే వచ్చాడు. గొంతు మాత్రం బాగుండదు. ఇంకొకడు వించి ఆపరేటర్, బీహారీ కుర్రాడు. యూనిట్‌కు కొత్త. లారీకి బిగించిన వించి తిరిగితే ఉక్కు తాడు చుట్టుకుంటుంది, దిగబడ్డ బండి కదులుతుంది. ఆ మీటలు వాడి చేతిలో ఉంటాయి.

కెప్టెన్ మాత్రం హైదరాబాద్ వాడు. పెద్ద స్కూళ్ళలో చదివాడు. తెలుగు బాగా వచ్చు, కాని మాతో హిందీలోనే మాట్లాడేవాడు. మేజర్ హనుమకొండలో కూర్చుని జిల్లా మొత్తం పని నడిపించేవాడు. వైర్‌లెస్ సెట్‌లో ఆయన్ని కంట్రోల్ అనేవాళ్ళం. ఆయనది పంజాబ్. తెలుగు ముక్క రాదు.

మా పనిలో ఒక నియమం ఉంది. అది తెలియకపోతే ఈ కథ తెలియదు. ఉక్కు తాడు బిగిసిందంటే అది తాడు కాదు, కత్తి. తెగితే మనిషిని రెండు ముక్కలు చేస్తుంది. అందుకని బండి లాగేటప్పుడు సైగ చేసేది ఒక్కడే. రికవరీ పెద్ద. వాడు చెయ్యి పైకెత్తి తిప్పితే లాగాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. మిగతా అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. దోమ కుట్టినా చెయ్యి తియ్యకూడదు. జనరల్ వచ్చి నిలబడినా అంతే. వించి దగ్గర ఉన్నవాడికి ఇంజను హోరులో మాట వినపడదు, కనపడేది చెయ్యే. రెండు చేతులు లేస్తే ఒక ప్రాణం పోతుంది. మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజు నేర్పింది అదే.

మూడో రోజు మధ్యాహ్నం బియ్యం లారీ దిగబడింది. తొర్రూరుకు మరిపెడకు మధ్య కల్వర్టు కొట్టుకుపోతే డ్రైవర్ పక్క చేనులోంచి తిప్పబోయాడు. చేను నల్లరేగడి. పైన రెండు గంటల ఎండకు పెచ్చు కట్టింది, కింద అంతా ముద్ద. లారీ పొట్ట దాకా దిగింది. రేగడి బండిని పట్టుకోదు, పీలుస్తుంది. చక్రాలు తిప్పినకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. ముందు పారలతో తవ్వి పొట్ట కిందికి గాలి దూరనివ్వాలి. గాలి దూరితేనే ఆ పీల్పు వదులుతుంది. అంతకుముందు లాగితే బండి రాదు, తాడో గొలుసో పోతుంది.

నా లారీని గట్టి రోడ్డు మీద నిలిపాను. అక్కడి నుంచి నేరుగా లాగే వీలు లేదు, రోడ్డు వంకర. చేను గట్టు మీద ఒక తాటిచెట్టు ఉంది. దాని మొదలుకు గొలుసు చుట్టి, గొలుసు కొక్కేనికి గిరక తగిలించి, తాడును గిరక మీదుగా తిప్పి బియ్యం లారీకి కట్టాము. ఎడమ పక్క తవ్వడం అయింది. కుడి వెనక చక్రం దగ్గర ఇంకా ఇద్దరు తవ్వుతున్నారు. నేను తవ్వేవాళ్ళ దగ్గర నిలబడి పిడికిలి బిగించి పట్టుకున్నాను. రోప్‌మ్యాన్ గిరక దగ్గరికి పోయి తాడు మీద తడి గోనె సంచులు కప్పుతున్నాడు. తాడు తెగినా ఆ బరువుకు ఎగరకుండా కింద పడుతుంది. అది వాడి పని. పిడికిలి బిగిసి ఉంది కాబట్టి వాడు అక్కడ ఉండొచ్చు.

చేను ఒక అవ్వది. గొంగడి కప్పుకుని గట్టు మీద నిలబడి తన పత్తి మొక్కలు నలిగిపోతున్నాయని గొణుగుతోంది. చేతులు వెనక్కి కట్టుకోమని రోప్‌మ్యాన్ ఆమెకు కూడా చెప్పాడు. ఆమె నవ్వి, బడి పిల్లల లెక్క నిలబెట్టిండు అని కట్టుకుంది.

వాన మళ్ళీ అందుకుంది. అప్పుడే కెప్టెన్ జీపు వచ్చింది. చీకటి పడేలోపు బియ్యం ఊళ్ళకు చేరాలని ఆయనకు పైనుంచి ఒత్తిడి. నా దగ్గరికి రాలేదు. రోడ్డు మీదే దిగాడు, నా లారీకి పది అడుగుల దూరంలో. గడియారం చూసుకున్నాడు. ఇంకా ఏం చేస్తున్నారు, లాగండి అని కేకేసి చెయ్యి పైకెత్తి తిప్పాడు.

వించి ఆపరేటర్‌కు దగ్గరగా కనిపించింది ఆ చెయ్యే. అది ఆఫీసర్ చెయ్యి. మీట లాగేశాడు.

నేను పిడికిలి ఊపుతూ అరిచాను. వాన, ఇంజను. తాడు లేచి బిగిసింది. బియ్యం లారీ కదల్లేదు. తాటిచెట్టు దగ్గర గొలుసు కొక్కెం విచ్చుకుంది. నలభై కిలోల గిరక గాల్లోకి లేచి రోప్‌మ్యాన్ కుడి మోకాలి కింద తగిలింది.

వాడు అరవలేదు. బురదలో కూర్చుని తన కాలు వైపు వింతగా చూసుకున్నాడు. నేను బెల్టు విప్పి తొడకు బిగించి కట్టాను. కెప్టెన్ వచ్చి చూశాడు. ముఖం తెల్లబోయింది. ఒక్క క్షణం ఆ మనిషి మీద నాకు జాలి కూడా వేసింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంట.

స్ట్రెచర్ మీద వేసి జీపులో ఎక్కిస్తుంటే రోప్‌మ్యాన్ నా చొక్కా పట్టుకున్నాడు.

"అన్నా, నేను చెయ్యి లేపలే."

"నాకెరుకే. నేను సూసిన గద."

"నువ్వు సూసినవ్. ఊళ్ళెవ్వలు సూడలే. తన కాలు తనే తెంపుకున్నడంటరు. జర నువ్వు చెప్పాలె."

చెప్తానన్నాను. వరంగల్ పెద్ద దవాఖానలో ఆ రాత్రే కాలు తీసేశారు. తర్వాత సికింద్రాబాద్ మిలిటరీ దవాఖానకు పంపారు.

రెండు రోజులకు మేజర్ విచారణకు వచ్చాడు. మా రేకుల షెడ్డులోనే బల్ల వేశారు. మొదట కెప్టెన్ చెప్పాడు. తాను వచ్చేసరికే తాడు బిగిసి ఉందని, రోప్‌మ్యాన్ ఉండకూడని చోట ఉన్నాడని, వాడే చెయ్యి ఊపినట్టుందని. వించి ఆపరేటర్‌ను పిలిచారు. వాడు బల్ల వైపు చూడలేదు, కెప్టెన్ బూట్ల వైపు చూశాడు. ఒక చెయ్యి కనిపించింది సాబ్, వానలో ఎవరిదో తెలియలేదు అన్నాడు. నాకు వాడి మీద కూడా కోపం వచ్చింది. కాని వాడు నిన్న మొన్న వచ్చిన కుర్రాడు, భయపడ్డాడు. వాడిని పక్కన పెట్టాను.

తర్వాత ఆ అవ్వను పిలిచారు. ఆమెకు హిందీ రాదు, మేజర్‌కు తెలుగు రాదు. యూనిట్‌లో తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురం. ఒకడు దవాఖానలో ఉన్నాడు. నేను సాక్షిని. మిగిలింది కెప్టెన్. ఆయనే తర్జుమాకు కూర్చున్నాడు. నేను నా వంతు కోసం తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ప్రతి మాటా నాకు వినిపిస్తోంది.

అవ్వ గొంగడి ముందుకు లాక్కుని నేల చూస్తూ చెప్పింది.

"అందరు చేతులు ఎనుకకు కట్టుకున్నరు బాంచెన్. నన్నుగూడ కట్టుకొమ్మంటె కట్టుకున్న. జీపు దిగిన సారొక్కడే చెయ్యి లేపిండు. గా పిలగాడు గోనెసంచులు కప్పుతాండు, పాపం."

కెప్టెన్ మేజర్ వైపు తిరిగాడు. గొంతు తొణకలేదు. అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారని, ఆ సంచులు కప్పే కుర్రాడొక్కడే చెయ్యి లేపాడని ఈమె అంటోంది అని హిందీలో చెప్పాడు.

ఆమె మాటలన్నీ అందులో ఉన్నాయి. చేతులున్నాయి, సంచులున్నాయి. ఒక్క మనిషినే మార్చాడు.

నేను తలుపు దగ్గర నుంచే, సాబ్, ఆమె అన్నది అది కాదు అన్నాను. నీ వంతు వచ్చాక మాట్లాడు అని మేజర్ కసిరాడు. నా వంతు వచ్చాక అంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. సైగ నీ బాధ్యత, తప్పు నీది కావాలి లేదా అతనిది కావాలి, కాబట్టి నువ్వు మూడో మనిషిని చూపిస్తావు, అది సహజమే అన్నాడు. అవ్వను మళ్ళీ పిలవమని అడిగాను. అప్పటికే ఆమెను పంపేశారు.

రోప్‌మ్యాన్ సొంత నిర్లక్ష్యం అని తేల్చారు. దాని అర్థం మా క్లర్కు నాకు చెప్పాడు. వాడికి పెన్షన్ రాదు. ఒంటికాలితో, చెడ్డపేరుతో ఇంటికి పంపేస్తారు. మేజర్ ఆ సాయంత్రమే హనుమకొండ వెళ్ళిపోయాడు. సాక్షుల మాటలు సాపు రాసి, సంతకాలు చేయించి, కాయితాలు కెప్టెనే పట్టుకురావాలి. ఈలోపు దారిలోని ఆకేరు వాగు పొంగింది. వరంగల్ దారి మూసుకుపోయింది. వాగు తగ్గిన రోజు ఆ కాయితాలు పోతాయి. పోతే మరి తిరిగి రావు.

నేను వాగును తిట్టలేదు. రోజూ పొద్దున దానికి దండం పెట్టాను.

ఆ రోజుల్లో మేము చేసిన పని తక్కువేం కాదు. ఇంటి కప్పుల మీద నుంచి జనాన్ని దించాము. చచ్చిన బర్రెలను తాళ్ళతో లాగాము. పని చేస్తున్నంతసేపూ కెప్టెన్ ఎక్కడ ఉన్నాడో నాకు తెలిసేది. అన్నం తింటుంటే ఆయన నవ్వు వినిపిస్తే ముద్ద దిగేది కాదు. నాతో మామూలుగానే మాట్లాడేవాడు. ఒకరోజు నా భుజం తట్టి, అలాంటివి జరుగుతుంటాయి హవల్దార్, మనసులో పెట్టుకోకు అన్నాడు. ఆ చొక్కా ఆ రాత్రే ఉతికేశాను. అంత అసహ్యం నాకు ఇంకెవరి మీదా కలగలేదు.

వాగు కొంచెం తీసింది. కెప్టెన్ ఆగలేకపోయాడు. ఉదయం తొమ్మిదికి కాయితాల సంచి తీసుకుని జోంగాలో బయల్దేరాడు. పది దాటాక ఆయన డ్రైవర్ మోకాళ్ళ దాకా బురదతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆకేరు మీది చప్టా అంచు విరిగి జీపు పక్కనున్న గుంటలోకి జారింది. చక్రాలు బురదలో పూర్తిగా దిగిపోయాయి. సాబ్‌కు ఈత రాదు, జీపులోనే ఉండి నన్ను పంపాడు అన్నాడు. నీళ్ళు మళ్ళీ పెరుగుతున్నాయి.

సెట్ మోగింది. జీపులోని సెట్ నుంచి కెప్టెన్ అప్పటికే కంట్రోల్‌కు చెప్పేశాడు. మేజర్ ఆజ్ఞ హిందీలో వచ్చింది. రికవరీ వెంటనే కదలాలి, ఆఫీసర్‌ను, బండిని బయటికి తీయాలి, పని అయ్యేదాకా సెట్లన్నీ తెరిచి ఉంచాలి. ఓవర్.

కదులుతున్నాం సాబ్. ఓవర్ అన్నాను. నిజంగానే కదిలాను. ఒక్క నిమిషం వృథా చేయలేదు. మీరు ఇది గుర్తు పెట్టుకోండి. ఆ మనిషి చావాలని నేను కోరుకోలేదు. చచ్చినవాడు నిజం చెప్పలేడు.

చప్టాకు ఇవతల గట్టినేల మీద లారీ నిలిపాను. చెట్టు అక్కర్లేదు, నేరుగా వెనక్కి లాగొచ్చు. జోంగా ముక్కు కిందికి పెట్టి నిలబడి ఉంది. సీటు మీదికి నీళ్ళు వచ్చేశాయి. కెప్టెన్ స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. సెట్ తడవకుండా పైనున్న కొక్కేనికి వేలాడేశాడు. పక్కనుంచి ఎర్రనీళ్ళు సుడి తిరుగుతున్నాయి. అక్కడి దాకా ఈత రానివాడు నడవలేడు. నా సెక్షన్ అంతా ఒడ్డున చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను నడుముకు మోకు కట్టుకుని, ఉక్కు తాడు చివర పట్టుకుని దిగాను. బురద మోకాలి దాకా, నీళ్ళు రొమ్ము దాకా. జీపు వెనక కొక్కెం చేతికి తగిలింది. తాడు చివరనున్న షేకిల్‌ను దానికి వేశాను. షేకిల్ అంటే ఇనుప కడియం. దాని నోటికి అడ్డంగా పిన్ను బిగిస్తేనే పట్టు. పిన్ను లేకపోతే తాడు ఊరికే జారిపోతుంది. పిన్ను తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. పక్కకు నడిచి కెప్టెన్ దగ్గరికి వచ్చాను.

"శెబ్బాష్, హవల్దార్. స్టీరింగ్ నేను పట్టుకుంటాను. లాగించు." ఆ రోజు మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడాడు.

"లాగిస్త సాబ్. నియమం ప్రకారం ముందుగాల సెట్ల చెప్పుండ్రి. సిగ్నల్ ఎవలదని."

ఆయనకు అది మామూలుగానే అనిపించింది. రిసీవర్ తీసుకుని, మాట అవతలికి పోయే మీట నొక్కి, ఈ రికవరీలో సైగ హవల్దార్‌ది, ఓవర్ అని హిందీలో చెప్పాడు. కంట్రోల్ సరేనంది.

"ఆ రోజు ఎవలది సాబ్?"

నా వైపు చూశాడు. నా గుప్పిట చూశాడు. అర్థమయింది.

"పిన్ను పెట్టు."

"పెడ్త. ఆ రోజు చెయ్యెవలు లేపిండ్రో సెట్ల చెప్పుండ్రి, పెడ్త."

కోర్టు మార్షల్ చేయిస్తానన్నాడు. నిన్ను జైల్లో వేయిస్తానన్నాడు. చేయించుండ్రి సాబ్, దాంట్ల తర్జుమాకు గూడ మీరే కూసోండ్రి అన్నాను. నీళ్ళు ఆయన పొట్ట దాకా వచ్చాయి. సీటు మీద మోకాళ్ళపై లేచాడు. జీపు చిన్నగా కుదిపి ఇంకొంచెం దిగింది. ఆయన గొంతు మారింది.

"చూడు తమ్మీ, మనం మనం ఒక్క దిక్కోళ్ళం. నువ్వు వరంగల్, నేను హైద్రాబాద్. బయటికి పోయినంక అంతా సరిచేస్తా. అవును, నేనే లేపిన. సరేనా? చెప్పిన గద."

తెలుగులో చెప్పాడు. మీట నొక్కకుండా చెప్పాడు. ఇన్నాళ్ళూ నాకు ఆ మాటే కావాలనుకున్నాను. చెవిన పడ్డాక అది నాకు ఏ పనికీ రాదని తెలిసింది.

"హిందీల చెప్పుండ్రి సాబ్. మీట నొక్కి. కంట్రోలోళ్ళకు తెల్గు రాదు."

చాలాసేపు నన్ను చూశాడు. నేను కూడా కళ్ళు దించలేదు. నీళ్ళు నాకూ పెరుగుతున్నాయి, గడ్డానికి తగులుతున్నాయి. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. వెనక్కి మాత్రం అడుగు వేయలేదు. వేస్తే ఆ మనిషి గెలుస్తాడు.

రిసీవర్ నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కాడు. హిందీలో చెప్పాడు. ఆ రోజు చెయ్యి ఎత్తింది నేను. రోప్‌మ్యాన్ ఎత్తలేదు, అతను ఉండాల్సిన చోటే ఉన్నాడు. ఆ ముసలామె చెప్పింది కూడా అదే, నేను మార్చి చెప్పాను. ఓవర్.

నేను వెనక్కి పోయి పిన్ను బిగించాను. ఒడ్డుకు వచ్చాను. చెయ్యి ఎత్తి తిప్పాను. వించి తిరిగింది, తాడు బిగిసింది, ఆకేరు బురద పెద్ద చప్పుడుతో జీపును వదిలింది. కెప్టెన్ స్టీరింగ్ చక్కగానే పట్టుకున్నాడు. జీపు చప్టా మీదికి వచ్చాక దిగి, కాయితాల సంచి చేతిలో పట్టుకుని ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. సంచిలోంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. ఎవరూ ఆయనకు సెల్యూట్ చేయలేదు. వించి ఆపరేటర్ అయితే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మేజర్ మర్నాడు వచ్చాడు. ఈసారి తెలుగు తర్జుమాకు తొర్రూరు నుంచి ఒక బడిపంతులును పిలిపించారు. అవ్వ మళ్ళీ వచ్చి అదే మాట చెప్పింది. ఈసారి ఎవరో ధైర్యం చెప్పినట్టున్నారు, కెప్టెన్‌ను వేలు పెట్టి చూపించింది. వించి ఆపరేటర్ ఏడుస్తూ నిజం చెప్పాడు. రోప్‌మ్యాన్ తప్పు లేదని కొత్తగా రాశారు. వాడికి పెన్షన్ వచ్చింది.

అందరూ వెళ్ళాక మేజర్ నన్ను ఒక్కడినే ఆపాడు. ఒక పిన్ను బిగించడానికి అంతసేపు ఎందుకు పట్టింది అని అడిగాడు. చల్లనీళ్ళలో వేళ్ళు మొద్దుబారాయి సాబ్ అన్నాను. నా వేళ్ళ వైపు చూశాడు. ఇంకేం అడగలేదు. కాని నా తర్వాత చేరినవాళ్ళు నాయబ్ సుబేదార్లు అయ్యారు, నేను హవల్దారుగానే రిటైర్ అయ్యాను. ఎందుకో నాకు తెలుసు. ఆ బేరం నాకు సమ్మతమే. కెప్టెన్‌కు మందలింపు పడింది, సీనియారిటీ పోయింది, వేరే చోటికి పంపారు. నాకది చాలలేదు. ఇప్పటికీ చాలలేదు.

వాగులు తగ్గాక మేము సికింద్రాబాద్ వెళ్ళిపోయాము. బండ్లు కడగకుండానే నేను దవాఖానకు పోయాను. రోప్‌మ్యాన్ మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. నారింజపండు వొలిచి పెడుతూ మొత్తం చెప్పాను. పిన్ను సంగతి, తెలుగు సంగతి, హిందీ సంగతి. వాడు ఒక్కచోట కూడా నవ్వలేదు. తొన ఒకటి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"నీళ్ళు ఆయనకు ఎక్కడి దాంక వచ్చినయన్నా?"

"రొమ్ము దాంక."

వాడు కిటికీ వైపు తిరిగాడు.

"ఇంక జరసేపు ఆగకపోయినవా."

నేను ఇంకో తొన చేతిలో పెట్టాను.

సర్వీసు అయిపోయి వరంగల్ స్టేషన్‌లో పెట్టె దించుకున్నప్పుడు మావాళ్ళు దండలు తెచ్చారు. యుద్ధం గురించి చెప్పమన్నారు. నాకు చెప్పడానికి ఉన్నది ఆకేరు ఒడ్డు ఒక్కటే. అందులో రోప్‌మ్యాన్‌కు కూడా చెప్పని ముక్క ఒకటి ఉంది. వాడికి చెప్తే, ఎట్లుండెనన్నా అని అడుగుతాడు. చాలా బాగుండిందని చెప్పాల్సి వస్తుంది. ఇన్నేళ్ళయింది, ఇప్పుడు చెప్తాను.

ఓవర్ అన్నాక కెప్టెన్ రిసీవర్ మీట వదలడం మరిచిపోయాడు. ఆ మీట నొక్కి ఉన్నంతసేపు అవతలివాళ్ళ మాట ఇటు రాదు. ఇటు చప్పుడు మాత్రం అన్ని సెట్లకూ పోతుంది. నేను పిన్ను బిగించి ఒడ్డెక్కేసరికి మా లారీ సెట్‌లోంచి ఒక మనిషి ఊపిరి వస్తోంది. గట్టిగా, తడిగా, మధ్యలో చిన్న వణుకుతో. హనుమకొండలో మేజర్ కూడా అదే వింటున్నాడు. నేను షేకిల్ వైపు చూశాను, సరిగ్గా ఉంది. తాడు చూశాను, సరిగ్గా ఉంది. ఇంజను నడుస్తోంది. వించి ఆపరేటర్ కళ్ళు నా కుడిచేతి మీద ఉన్నాయి. నీళ్ళలోంచి కెప్టెన్ మెడ వెనక్కి తిప్పి, రిసీవర్‌ను గడ్డం కింద గట్టిగా పట్టుకుని, ఆయన కూడా నా కుడిచేతినే చూస్తున్నాడు. నీళ్ళు రొమ్ము మీదికి వచ్చాయి. లాగడానికి అంతా సిద్ధంగా ఉంది. నేను ఆ ఊపిరి వింటూ నిలబడ్డాను.